ఆగిన యంత్రం ముందు ఎంతసేపు నిలబడాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఉద్యోగం పని మీద మూడు నెలలు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉన్నారు. ఒక ఆదివారం భార్యనూ ఐదేళ్ళ పాపనూ తీసుకుని టింగెలీ మ్యూజియం చూశారు. పాత ఇనుముతో, ఏరుకొచ్చిన వస్తువులతో కదిలే, మోగే యంత్రాలు కట్టిన శిల్పి పేరు మీదిది అది. సగం యంత్రాలు ఆగే ఉన్నాయి. నడిచినవేమో పాత ఇనుము కొట్టులో రేకులు దింపుతున్నట్టు మోగాయి. నలభై నిమిషాల్లో బయటికి వచ్చేశారు. ‘ఇందులో కళ ఏముంది, ఇంకోసారి వెళ్ళడం దండగేనా, పాప మాత్రం మళ్ళీ వెళ్దామంటోంది’ అన్నారు.

పాప మాట వినండి. కాకపోతే ఈసారి అన్నీ చూడకండి. మూడే మూడు యంత్రాలు ఎంచుకుని, ఒక్కొక్కటీ ఆగి ఉన్న స్థితి నుంచి మళ్ళీ ఆగేదాకా పూర్తిగా వినండి. నడిచేటప్పుడు కన్నా మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ ఎక్కువ శ్రద్ధగా వినండి. నా సలహా ఇంతే. ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను కళాకారుణ్ణి కాదు, విమర్శకుణ్ణీ కాదు. ప్రదర్శనశాలల్లో కదిలే, మోగే కళాకృతులను బిగించడం, ప్రదర్శన సాగినన్నాళ్ళూ నడిపించడం, అయిపోయాక విప్పి పెట్టెల్లో సర్దడం నా వృత్తి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. బ్రోషరులో ఆ కృతి గురించి ఏం రాశారో చాలాసార్లు నేను చదవను. ఏ బుష్ అరిగింది, ఏ బెల్టు జారుతోంది, మోటారు ఎందుకు వేడెక్కుతోంది అన్నవే నాకు కావాలి. అందుకని నా సమాధానంలో సిద్ధాంతం తక్కువ, గ్రీజు ఎక్కువ ఉంటుంది. సర్దుకోండి.

మా నాన్నగారు తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైసుమిల్లులో ఫిట్టరు. ఆయన దగ్గర ఒక పొడవాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాని మొన బేరింగు గూడు మీద ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు తాకించి, కళ్ళు మూసుకుని వినేవారు. ‘ఇది ఇంకో వారం ఆడుతుంది’ అనో, ‘దీన్ని ఈ రాత్రే మార్చాలి’ అనో తేల్చేవారు. ఆ మాటల్లో ‘ఆడుతుంది’ అన్నది గమనించండి. మన భాషలో మిల్లు ఆడుతుంది, గానుగ ఆడుతుంది, పిండి ఆడిస్తాం. షాఫ్టు వదులైతే ‘షాఫ్టు ఆడుతోందిరా’ అంటాం. పిల్లలూ ఆడతారు, సినిమా కూడా ఆడుతుంది. నడవడానికీ, వదులై ఊగడానికీ, ఆటకీ మనకు ఒకటే మాట. నాన్నగారి పనల్లా మొదటి ఆటను కాపాడటం కోసం రెండో ఆటను బిగించెయ్యడం. టింగెలీ చేసింది సరిగ్గా దానికి ఎదురు. ఆయన ఆ వదులును వదులుగానే ఉంచి, దాన్నే మోగించాడు. మీకు ‘పాత ఇనుము గోల’ అనిపించిన దానికి మూలం అక్కడే ఉంది.

జాఁ టింగెలీ 1925లో ఫ్రిబూర్గ్‌లో పుట్టి బాసెల్‌లో పెరిగాడు. 1991లో బెర్న్‌లో చనిపోయాడు. చదివింది దుకాణాల అద్దాల వెనక సరుకు అలంకరించే పని. పన్నెండేళ్ళ వయసులో ఊరి బయట అడవిలో ఒక వాగు మీద వరుసగా చిన్న చిన్న నీటి చక్రాలు కట్టానని, అవి తిరుగుతూ సుత్తులతో రేకు డబ్బాలను కొట్టేవని తానే చెప్పుకున్నాడు. ఈ సంగతి మొదట విన్నప్పుడు నాకు మా పొలాల్లో పిట్టలను తోలడానికి కట్టే డబ్బాలు గుర్తొచ్చాయి. గాలికి రెక్కలు తిరుగుతాయి, వాటికి కట్టిన పుల్ల డబ్బా మీద పడుతుంది. ఒక్కో పొలంలో ఒక్కో వేగం. మధ్యాహ్నం గట్టు మీద పడుకుంటే నాలుగు వైపుల నుంచీ నాలుగు రకాల టకటకలు వినిపించేవి. ఎప్పుడు ఏవి కలుస్తాయో, ఎప్పుడు విడిపోతాయో తెలియదు. ఆ పిల్లవాడు అడవిలో విన్నదీ అలాంటిదే అయి ఉంటుంది. 1955లో, ముప్పై ఏళ్ళ వయసులో, పారిస్‌లో ఉండగా అదే పనిని గోడకు తగిలించే పలకల మీదకు తెచ్చాడు. వెనక మోటారు, ముందు సుత్తులు, అవి కొట్టే సీసాలు, గ్లాసులు, డబ్బాలు. బొమ్మ నోరు తెరవడం అక్కడ మొదలైంది.

ఇప్పుడు పెద్ద యంత్రాల సంగతి. 1978 నుంచి ఆయన ‘మెటా-హార్మోనీ’ అనే వరుసలో గది గోడంత యంత్రాలు కట్టాడు. ఇనుప చట్రం, దాని నిండా చిన్నా పెద్దా చక్రాలు, వాటి మధ్య డ్రమ్ములు, తాళాలు, మీటల వాయిద్యాలు, డబ్బాలు, ఎక్కడో ఏరుకొచ్చిన వస్తువులు. చూడగానే లెక్కలేనన్ని పనులు ఒకేసారి జరుగుతున్నట్టుంటుంది. నాకు మాత్రం మోటార్లు ఎన్ని ఉన్నాయన్నది ముందు కనిపిస్తుంది. చక్రాల లెక్కతో పోలిస్తే అవి చాలా తక్కువ. ఒక్కో మోటారు నుంచి బెల్టు ఒక చక్రానికి, అక్కడి నుంచి ఇంకో బెల్టు ఇంకో చక్రానికి, ఇలా గొలుసుకట్టుగా సాగుతుంది. చక్రాల కొలతలు వేరు కాబట్టి వేగాలూ వేరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడండి. ఒక సుత్తి 7 సెకన్లకు ఒకసారి, ఇంకోటి 9 సెకన్లకు, మూడోది 11 సెకన్లకు పడుతున్నాయనుకుందాం. మూడూ ఒకేసారి పడిన క్షణం నుంచి మళ్ళీ ఒకేసారి పడటానికి 693 సెకన్లు, అంటే పదకొండున్నర నిమిషాలు పడుతుంది. దానికి 13 సెకన్ల సుత్తి ఇంకోటి చేర్చండి. 9009 సెకన్లు అవుతుంది, అంటే రెండున్నర గంటలు. నాలుగు సుత్తులకే ఈ సంగతి. మృదంగం నేర్చుకున్న వాళ్ళకు ఇది కొత్త కాదు. ఐదక్షరాల ఖండచాపూ ఏడక్షరాల మిశ్రచాపూ పక్కపక్కనే వేస్తే మళ్ళీ సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, కలిసేది 35 అక్షరాలకే. మనవాళ్ళు ఆ కలిసే చోటు కోసం లెక్క కట్టి, అక్కడ తీర్మానం, అంటే ముగింపు దెబ్బల వరుస, పడేలా చేసి శ్రోతల చేత తల ఊపిస్తారు. టింగెలీ ఆ కలిసే చోటును అందనంత దూరం నెట్టేశాడు. పైగా ఆయన బెల్టులు జారతాయి. జారే బెల్టు ఉన్నచోట లెక్క కూడా నిలవదు. అందుకే ఆ యంత్రం ముందు పల్లవి కోసం ఎదురుచూస్తే నిరాశే మిగులుతుంది. మీకు జరిగింది అదే అనుకుంటాను.

మరి దేని కోసం వినాలి? దెబ్బ కోసం. సుత్తి ఎలా పడుతోందో చూడండి. రెండు రకాలు ఉంటాయి. మొదటి రకంలో చక్రానికి బిగించిన కడ్డీ నేరుగా వచ్చి కొడుతుంది. చక్రం వేగం పెరిగితే దెబ్బా గట్టిపడుతుంది. రెండో రకంలో చక్రం మీది మెట్టు సుత్తిని మెల్లగా పైకెత్తి, అంచు దాటగానే వదిలేస్తుంది. సుత్తి తన బరువుతో తాను పడుతుంది. చక్రం మెల్లగా తిరిగినా త్వరగా తిరిగినా ఆ దెబ్బ ఒకటే. ఎత్తడం యంత్రం చేస్తుంది, కొట్టడం భూమి చేస్తుంది. ఈ రెండో రకం దెబ్బలో ఒక నిబ్బరం ఉంటుంది. ఒకసారి తేడా పట్టుకున్నారంటే ఇక వదలలేరు.

ఈ తేడా వినడానికి బాసెల్ దాకా రానక్కర్లేదు కూడా. మన గుళ్ళలో హారతి వేళ మోటారుతో మోగే డోలు, గంటల యంత్రం ఉంటుంది కదా, అదీ ఈ జాతిదే. ఒక మోటారు, ఒక షాఫ్టు, షాఫ్టుకు వంకర కడ్డీలు, వాటి చివర డోలుకు రెండు వైపులా పుల్లలు, జేగంటకు ఒక సుత్తి. ఆ యంత్రంలో తయారీదారుడి తెలివంతా స్ప్రింగులో ఉంటుంది. పుల్ల చర్మాన్ని తాకి అక్కడే ఉండిపోతే ‘బొద్దు’మని చస్తుంది చప్పుడు. తాకిన మరుక్షణం వెనక్కి లేవాలి. ఆ స్ప్రింగు సాగిపోయిన గుడిలో హారతి వినండి, డోలు దగ్గుతున్నట్టు ఉంటుంది. మా ఊరి రామాలయంలో అలా రెండేళ్ళు దగ్గింది. నేను సెలవులకు వెళ్ళినప్పుడు సైకిలు స్టాండు స్ప్రింగు ఒకటి తగిలించి వచ్చాను. పూజారిగారికి నా ఉద్యోగం ఏమిటో అప్పుడే అర్థమైంది. మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక మీ అసలు ఫిర్యాదుకు వస్తాను. సగం యంత్రాలు ఎందుకు ఆగి ఉన్నాయి? చెడిపోయి కాదు. చాలా యంత్రాల ముందు నేల మీద కాలితో నొక్కే బటన్ ఉంటుంది, చూసే ఉంటారు. నొక్కితే కొద్దిసేపు నడిచి ఆగుతుంది. ఆ తరువాత కొంతసేపు ఎంత నొక్కినా పలకదు. పాప నొక్కినా పలకలేదని రాశారు, అది ఆ విశ్రాంతి సమయమే. ఈ యంత్రాలు తమను తాము తినే యంత్రాలు. ఇనుము ఇనుముతో రాసుకుంటుంది, సుత్తి తాను కొట్టే వస్తువును అరగదీస్తుంది. రోజంతా నడిపిస్తే మనవలు చూడటానికి ఏమీ మిగలదు. ఎంత నడపాలి, ఎంత ఆపాలి అన్నది ఈ రంగంలో నిత్యం నడిచే వాదన. అసలు నడపనే కూడదనే వాళ్ళూ ఉన్నారు. నడవని టింగెలీ యంత్రం ఆరేసిన చొక్కా లాంటిది, అది చొక్కానే కానీ మనిషి లేడు. నేను నడపాలనే పక్షం.

అరుగుదల గురించి ఒక అనుభవం చెబుతాను. ఊరూ పేరూ వద్దు. ఒక ప్రదర్శనలో ఒక పాత మోగే యంత్రాన్ని నాకు అప్పగించారు. తోలు బెల్టు ఒకటి పగుళ్ళిచ్చి జారుతోంది. నేను నాన్నగారి కొడుకును కదా, కొలత తీసుకుని కొత్త రబ్బరు బెల్టు వేసి బిగించాను. యంత్రం ఎంత చక్కగా తిరిగిందంటే నాకే ముచ్చటేసింది. సాయంత్రం నిర్వాహకురాలు వచ్చి ఐదు నిమిషాలు విని, ‘ఇది కుట్టుమిషనులా ఉంది, మనది ఎక్కడికి పోయింది?’ అన్నారు. నాకు కోపం వచ్చింది. రాత్రి అందరూ వెళ్ళాక పాత బెల్టు మళ్ళీ ఎక్కించి విన్నాను. ఆవిడ అన్నది నిజం. పాత బెల్టు అతుకు పుల్లీ మీదకు వచ్చినప్పుడల్లా చిన్నగా తడబడేది. ఆ తడబాటుకు పెద్ద చక్రం ఒక్క క్షణం వెనకబడేది. చివర ఉన్న గంట ఆ క్షణం ఆలస్యంగా మోగేది. ఆ ఆలస్యం పోవడంతో గంట గడియారమైపోయింది. చివరికి పాత తోలును లోపల గుడ్డ అంటించి బలపరిచి, అతుకును అతుకులాగే ఉంచి నడిపాం. వదులును కొలిచి, రాసుకుని, అలాగే కాపాడటం ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ యంత్రాన్నైనా విప్పే ముందు దాని చప్పుడును పూర్తిగా రికార్డు చేస్తాను. బాగుచేసిన తరువాత పోల్చుకోవడానికి వేరే దారి లేదు.

ఆగి ఉండటం గురించి ఇంకొక మాట. అది కేవలం పొదుపు కాదు, చాలా కృతుల్లో అదే అసలు పని. జర్మనీకి చెందిన రెబెక్కా హార్న్ 1990లో చేసిన ‘కాన్సర్ట్ ఫర్ అనార్కీ’ లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. పెద్ద పియానో ఒకటి కప్పు నుంచి తలకిందులుగా వేలాడుతుంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. కింద జనం మెడలు ఎత్తి చూస్తారు, విసుగొచ్చి కొందరు వెళ్ళిపోతారు. ఉన్నట్టుండి మీటలన్నీ బయటికి దూసుకొచ్చి, మూత తెరుచుకుని, లోపలి తీగలు ఒక్కసారిగా ఘొల్లుమంటాయి. తరువాత అన్నీ నెమ్మదిగా లోపలికి వెళ్ళిపోతాయి. మళ్ళీ నిశ్శబ్దం. అయితే ఈ రెండో నిశ్శబ్దం మొదటిదానిలా ఉండదు, మీద ఏదో పడబోతున్నట్టు ఉంటుంది. అది ఆపకుండా మోగే పియానో అయితే రెండు నిమిషాలకు మించి ఎవరూ నిలబడరు.

ఇది మనకు తెలియని రుచి ఏమీ కాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు ఎప్పుడైనా కూర్చున్నారా? కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ ద్వారా వచ్చిన గడియారం అది. లోపల ఒక చిన్న మనిషి క్షణక్షణం సుత్తితో కొడుతూ ఉంటాడు. ఇంకో బుల్లి గడ్డపాయన గంట అవబోయే ముందు తలుపు తీసుకుని వచ్చి, ఎన్ని గంటలో అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. ఆయన వచ్చేది క్షణాలే. కానీ జనం పావుగంట ముందు నుంచే చోటు చూసుకుని కూర్చుంటారు, పిల్లలను భుజాలకెత్తుకుంటారు. మధ్యాహ్నం పన్నెండుకైతే మరీ రద్దీ, పన్నెండు దెబ్బలు కదా. అక్కడ ఎవరూ ‘సగంసేపు ఏమీ జరగలేదు’ అని ఫిర్యాదు చెయ్యరు. ఎదురుచూడటమే ఆ వినోదం. బాసెల్‌లో కూడా ఆ ఓపికే పెట్టండి. మీకు అలవాటున్న ఓపికే అది, టిక్కెట్టు ధర ఎక్కువైనంత మాత్రాన మరిచిపోవద్దు.

ఇప్పుడు ఆ మూడు యంత్రాలు. ప్రదర్శనలో ఉండేవి అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే ముందు ఒకసారి కనుక్కోండి.

మొదటిది 1985 నాటి ‘ఫాటామోర్గానా, మెటా-హార్మోనీ నాలుగు’. పెద్ద పెద్ద రంగురంగుల చెక్క చక్రాలు. అవి బొమ్మ కోసం చేసినవి కావు. ఇనుము పోత పోసే కర్మాగారంలో అచ్చులు తియ్యడానికి వాడిన చెక్క నమూనాలు. ఫాన్ రోల్ అనే సంస్థ పోత కర్మాగారంలో దొరికితే తీసుకుని, వాటితోనే యంత్రం కట్టాడు. మీరు బటన్ నొక్కాక మొదటి మూడు సెకన్లు చూడండి. మోటారు గొంతు ముందు వస్తుంది. తరువాత బెల్టు బిగుస్తుంది. పెద్ద చక్రం ఒక్కసారి ఊగి, ఆలోచించినట్టు ఆగి, అప్పుడు కదులుతుంది. బరువైన చక్రం కదలడానికి బద్ధకిస్తుంది, ఆగడానికీ బద్ధకిస్తుంది. కరెంటు ఆగిపోయాక కూడా అది తన ఊపుతో తిరుగుతూ, కింద చిన్న వస్తువులను ఇంకో రెండుసార్లు కొట్టించి, మూడోసారి సుత్తిని ఎత్తలేక సగంలో వదిలేస్తుంది. ఆ పడని దెబ్బ కోసమే నేను అక్కడ నిలబడతాను.

రెండోది ‘మెంగెలే మృత్యునాట్యం’, 1986 నాటిది. ఇది చీకటి గదిలో ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో టింగెలీ ఉండే నైరూజ్ గ్రామంలో ఇంటి దగ్గర్లోని ఒక రైతు ఇల్లు పిడుగుపడి కాలిపోయింది. ఆ బూడిదలోంచి మాడిన దూలాలు, వంకరపోయిన వ్యవసాయ పనిముట్లు తెచ్చి కట్టాడు. మొక్కజొన్న కోసే యంత్రం మీద తయారీ కంపెనీ పేరు మెంగెలే అని ఉంది. నాజీ శిబిరంలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన వైద్యుడి కుటుంబానిదే ఆ కంపెనీ. వాటికి జంతువుల పుర్రెలు చేర్చాడు. ఇక్కడ డ్రమ్ములు లేవు, తాళాలు లేవు. కాలిన ఇనుము కీచుమనడం, మూలగడం మాత్రమే. గోడల మీద నీడలు కదులుతాయి. పాపకు భయం కలగవచ్చు, ముందు మీరిద్దరిలో ఒకరు వెళ్ళి చూసి రండి. గ్రీజు పెడితే పోయే కీచు అది, పెట్టకపోవడంలోనే అంతా ఉంది. మా నాన్నగారైతే ఆ గదిలో రెండు నిమిషాలు ఉండలేరు. నూనె డబ్బా కోసం వెతుకుతారు.

మూడోది 1987 నాటి ‘గ్రోసె మెటా-మాక్సి-మాక్సి-ఉటోపియా’. దీని లోపలికి మెట్లెక్కి నడవవచ్చు. పాపకు బహుశా ఇదే నచ్చి ఉంటుంది. బయటి నుంచి వినడం కన్నా మధ్యలో నిలబడి వినండి. చప్పుడు వీపు వెనక మొదలై తల మీదుగా ముందుకొస్తుంది. రెండు స్పీకర్ల ముందు కూర్చుని వినే అలవాటుకు ఇది మంచి విరుగుడు.

2016 అక్టోబరు నుంచి 2017 జనవరి వరకు ఇదే మ్యూజియంలో మెటా-హార్మోనీలు నాలుగింటినీ ఒక్కచోట చేర్చి సంగీత యంత్రాల ప్రదర్శన జరిగింది. ఒకటి వియన్నా నుంచి, ఒకటి జపాన్ నుంచి వచ్చాయి. నాలుగు వేర్వేరు గొంతులను ఒకే కప్పు కింద ఉంచడం ఎంత కష్టమో పని తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. ఒక యంత్రం చివరి తాళం కాంక్రీటు గోడల మధ్య ఇంకా తిరుగుతుండగానే పక్క గదిలో ఎవరో బటన్ నొక్కితే రెండూ పాడవుతాయి. మోగే కృతుల ప్రదర్శనకు గోడల కన్నా వేళల పట్టిక ముఖ్యం. పెళ్ళిలో సన్నాయి ఒకవైపు, బ్యాండు మేళం ఇంకోవైపు మోగితే ఏమవుతుందో మనకు తెలుసు కదా.

‘ఇది కళ ఎలా అవుతుంది’ అన్న ప్రశ్నను పూర్తిగా దాటవేశానని అనుకోకండి. ఆ వాదనలో నాకు పెద్దగా ఆసక్తి లేదు, అంతే. 1960 మార్చి 17న న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం తోటలో టింగెలీ ఒక యంత్రాన్ని నడిపాడు. బిల్లీ క్లూవర్ అనే ఇంజనీరు తోడుపడ్డాడు. సైకిలు చక్రాలు, ఒక పియానో, మోటార్లు. తనను తాను ధ్వంసం చేసుకోవడమే ఆ యంత్రం పని. అనుకున్నవి కొన్ని పనిచెయ్యలేదు, పియానో అంటుకుంది, 27 నిమిషాల తరువాత అగ్నిమాపక సిబ్బంది ఆర్పేశారు. అప్పటి నుంచీ జనం ఇదే ప్రశ్న అడుగుతున్నారు. ప్రశ్న అరగలేదు, బేరింగులు అరిగాయి.

టింగెలీ మీకు ఎంతకీ ఎక్కకపోతే అదేమీ తప్పు కాదు. ఈ దారిలో పూర్తిగా వేరే స్వభావం ఉన్నవాళ్ళు ఉన్నారు. అదే దేశంలో, బెర్న్‌లో, 1977లో పుట్టిన జిమూన్ అనే కళాకారుడు ఏరుకొచ్చిన వస్తువుల జోలికే పోడు. వందలకొద్దీ ఒకే రకం చిన్న మోటార్లు, ఒకే రకం అట్టపెట్టెలు, తీగలు, దూది ఉండలు తీసుకుంటాడు. కృతి పేరు కూడా సరుకుల చీటీలా ఉంటుంది: ఇన్ని మోటార్లు, ఇంత కొలత పెట్టెలు, అంతే. ఒక్కో మోటారు ఒక్కో దూది ఉండను అట్టకు కొడుతుంది. ఒక్కదాన్ని వింటే పిచ్చి టకటక. వందా రెండొందలు కలిస్తే రేకుల షెడ్డు మీద వాన. అన్నీ ఒకే రకం అయినా ఏ రెండూ ఒకే వేగంతో తిరగవు. తీగ వంపులో, అట్ట బిగింపులో వెంట్రుకవాసి తేడా చాలు. ఇక్కడా వదులే పనిచేస్తోంది, కాకపోతే చాలా మర్యాదగా.

మన దేశం నుంచి అయితే ముంబయికి చెందిన శిల్పా గుప్తా 2009లో చేసిన గేటు. అపార్టుమెంటు ముందు ఉండేలాంటి ఇనుప గేటు గోడకు బిగించి ఉంటుంది. మోటారుతో అటూ ఇటూ ఊగుతూ దబ్బుమని గోడకు కొట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ గోడ పెచ్చులూడుతుంది. 2019లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పెట్టారు. ఈ కృతిలో గోడ కూడా వాయిద్యమే, అరిగిపోవడమే రాగం. బిగించేవాడిగా నాకు ఆ గోడ మీద జాలి, కట్టినవాడి మీద గౌరవం రెండూ ఉన్నాయి. గోడ కొంచెం కొంచెంగానే రాలాలి, ఒక్కసారిగా కూలకూడదు. అంత సరిగ్గా పగిలే గోడ కట్టడం, పగలని గోడ కట్టడం కన్నా కష్టం.

ఇక వెళ్ళే సంగతి. మ్యూజియానికి సోమవారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం వద్దు, ప్రతి బటన్ దగ్గరా పిల్లల వరుస ఉంటుంది, అన్నీ ఒకేసారి మోగుతాయి. మీరు గోల అన్నదానిలో సగం ఆ ఆదివారానిదే. మామూలు రోజు తెరవగానే వెళ్ళండి. తోడుగా పెద్ద గుంపు వద్దు. పాప చెవులకు మరీ గట్టిగా అనిపిస్తే అరచేతులు చాలు.

వెళ్ళే దారిలో ఊరి మధ్య నాటకశాల ముందున్న టింగెలీ నీటికొలను దగ్గర పది నిమిషాలు ఆగండి. 1977లో కట్టింది, టిక్కెట్టు లేదు, బటన్ లేదు. కూల్చేసిన పాత నాటకశాల రంగస్థల యంత్రాల ముక్కలతో చేసిన పది ఇనుప బొమ్మలు నీళ్ళు చిమ్ముతూ, తోడుతూ, జల్లిస్తూ ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒక్కో బొమ్మ నీటి చప్పుడు విడిగా పట్టుకోగలరేమో చూడండి. నాకు నాలుగు దాటి రాలేదు. మా అబ్బాయి ఏడు చెప్పాడు, నిజమో కాదో వాడికే తెలియాలి.

ఫోనుతో రికార్డు చెయ్యాలనుకుంటే చేసుకోండి, కానీ దాన్ని విని తీర్పు చెప్పకండి. చాలా ఫోన్లు చిన్న చప్పుడును తామే పెంచి, పెద్దదాన్ని తామే తగ్గిస్తాయి. ఆ చదునులో ఆగడమూ లేదు, అదరడమూ లేదు. మీరు జతచేసిన ముప్పై సెకన్ల వీడియో విన్నాను. అందులో నిజంగానే రేకులు దింపుతున్న చప్పుడే ఉంది. చివర్లో, మీరు వీడియో ఆపబోయే ముందు, సన్నగా ఒక్క గంట మోగి, రెండో దెబ్బకు సుత్తి లేవబోయి ఆగిపోయింది. ఆ వెంటనే పాప ‘ఇంకోటి ఉంది నాన్నా’ అంది. ఆ అమ్మాయిని బటన్ దగ్గర నిలబెట్టి, మీరు పక్కన నిలబడండి.